నాలుగు రోజుల మన్యం ప్రయాణం ఆరు రోజులైన వైనం: తరచుగా అడిగే ప్రశ్నలు

అక్టోబరు చివరి వారంలో నేనూ, కాలేజీ రోజుల నుంచి తోడున్న నా మిత్రుడూ కారులో మన్యం కొండలు చుట్టి వచ్చాం. బయలుదేరేటప్పుడు కాగితం మీద రాసుకున్న ప్లాన్‌ను వాన మూడుసార్లు మార్చింది. ఫొటోలు చూసినవాళ్లంతా దాదాపు అవే ప్రశ్నలు అడుగుతున్నారు. కొందరు అదే దారిలో బయలుదేరబోతున్నారని తెలిసి, జవాబులన్నీ ఒకచోట వివరంగా రాస్తున్నాను.

అసలు ఎక్కడికి వెళ్లాలనుకున్నారు? చివరికి ఎక్కడ తేలారు?

అనుకున్నది ఇది. మొదటి రోజు రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి. అక్కడ రాత్రి బస. రెండో రోజు రంపచోడవరం వెనక్కి వచ్చి అడ్డతీగల, రాజవొమ్మంగి, కొయ్యూరు మీదుగా లంబసింగి. మూడో రోజు చింతపల్లి, పాడేరు దాటి అరకు. నాలుగో రోజు అనంతగిరి ఘాట్ దిగి, శృంగవరపుకోట మీదుగా విశాఖపట్నం చేరి, జాతీయ రహదారి పట్టి ఇంటికి.

జరిగింది వేరు. మారేడుమిల్లి చేరిన మధ్యాహ్నమే వాన పట్టుకుంది. జలతరంగిణి జలపాతం వరకైనా వెళ్లలేకపోయాం. రెండో రోజు అడ్డతీగల దాటాక ఒక వాగు దగ్గర ఆగిపోయి, వెనక్కి తిరిగి, ఏలేశ్వరం మీదుగా మైదానంలోకి దిగి, తునిలో పడుకున్నాం. మూడో రోజు నర్సీపట్నం వైపు నుంచి ఘాట్ ఎక్కి లంబసింగి చేరేసరికి సాయంత్రమైంది. దారిలో ఒక పెద్ద చెట్టు రోడ్డుకు అడ్డంగా పడింది, దాన్ని కోసి పక్కకు లాగేదాకా ఆగాం. నాలుగో రోజు పాడేరు. అయిదో రోజు తెల్లవారుజామున పాడేరు దగ్గరి వంజంగి కొండ, మధ్యాహ్నానికి అరకు, అక్కడ మళ్లీ వాన. ఆరో రోజు ఇల్లు.

అక్టోబరులో తుఫానులు వస్తాయని తెలియదా? ఆ సమయమే ఎందుకు?

తెలుసు. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగి, ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే సంధికాలం అది. బంగాళాఖాతం వేడిగా ఉంటుంది, అల్పపీడనాలు ఒకదాని వెంట ఒకటి పుడతాయి. హుద్‌హుద్ విశాఖను కుదిపేసింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. ఉత్తరాంధ్రలో పుట్టిపెరిగిన ఎవరికైనా అక్టోబరు అంటే గుండెలో ఒక మూల భయం ఉంటుంది.

అయినా వెళ్లడానికి కారణం నా మిత్రుడి సెలవులు. హైదరాబాదులో అతని ఉద్యోగానికి సంవత్సరంలో వరుసగా వారం రోజులు దొరికేది అప్పుడే. మేమిద్దరం కలిసి ప్రయాణం చేసి తొమ్మిదేళ్లయింది. ఇంకో నెల ఆగితే వాతావరణం బాగుండేది, అతను ఉండేవాడు కాదు. అందుకని వాన వచ్చినా ఫర్వాలేదన్నట్టు ప్లాన్ వేసుకుందామనుకున్నాం. అది పూర్తిగా చేతకాలేదు. ఎక్కడ తప్పామో కింద చెబుతాను.

మీకు నెలను ఎంచుకునే వీలుంటే నవంబరు మూడో వారం నుంచి జనవరి చివరి వరకు వెళ్లండి. అరకులో వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూసేదీ, తోటల్లో కాఫీ పండ్లు కోసేదీ ఆ రోజుల్లోనే. డిసెంబరులో కూడా తుఫానులు వస్తాయి, కాని తక్కువ.

వాతావరణ సమాచారం ఎక్కడ చూశారు? ఆ రంగుల అర్థం ఏమిటి?

భారత వాతావరణ శాఖ జిల్లాల వారీగా ఇచ్చే హెచ్చరికలే మాకు ఆధారం. వాళ్ల 'మౌసమ్' యాప్‌లో దొరుకుతాయి. ఆకుపచ్చ అంటే హెచ్చరిక ఏమీ లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండమని. నారింజ అంటే సిద్ధంగా ఉండమని. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోమని.

వార్తల్లో వినిపించే భారీ, అతి భారీ అనే మాటలకు కూడా లెక్క ఉంది. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ. 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ. అంతకు మించితే అత్యంత భారీ. ఈ అంకెలు తెలిశాక, అతి భారీ అనే మాట నాకు మామూలుగా వినిపించడం మానేసింది. నూట యాభై మిల్లీమీటర్లు కొండ వాలు మీద పడితే, ఆ నీరంతా కిందనున్న ఒకే ఒక చప్టా (వాగు మీద వేసిన తక్కువ ఎత్తు వంతెన) మీదుగా వెళ్లాలి.

మేము పెట్టుకున్న పద్ధతి ఇలా ఉండేది. రాత్రి భోజనం తర్వాత మర్నాటి జిల్లా హెచ్చరిక చూడటం. ఉదయం బయలుదేరే ముందు వచ్చే మూడు గంటలకు వాతావరణ శాఖ ఇచ్చే తక్షణ సూచన చూడటం. సిగ్నల్ ఉన్నప్పుడు విశాఖ, మచిలీపట్నం రాడార్ బొమ్మలు చూడటం. రాడార్ బొమ్మ చదవడం కష్టమేమీ కాదు. మబ్బుల గుంపు ఏ వైపు కదులుతోందో రెండు మూడు బొమ్మలు వరుసగా చూస్తే తెలిసిపోతుంది. పిడుగుల కోసం 'దామిని' యాప్ ఉంది, దాన్ని పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది.

సముద్రంలో అల్పపీడనం ఉన్నప్పుడు నాలుగు రోజుల ముందు చెప్పిన దారిని శిలాశాసనంలా నమ్మకండి. అది తీరం దాటే చోటు వంద కిలోమీటర్లు అటూ ఇటూ అయితే మీ ప్రయాణం మొత్తం మారిపోతుంది. తుఫానుగా బలపడ్డాక వాతావరణ శాఖ మూడు గంటలకొక బులెటిన్ ఇస్తుంది. అప్పుడు నిన్నటి వార్త కాదు, తాజా బులెటిన్ చదవాలి.

ఫోనులో ఎండ బొమ్మ ఉంది, కొండ మీద కుండపోత. ఎందుకలా?

ఫోనులో మొదటి నుంచి ఉండే వాతావరణ బొమ్మలు విశాలమైన ప్రాంతానికి లెక్కగట్టిన సగటు అంచనాలు. తూర్పు కనుమల్లో పది కిలోమీటర్లలోనే ఎత్తు ఏడెనిమిది వందల మీటర్లు మారిపోతుంది. సముద్రం మీది తేమగాలి కొండకు తగిలి పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ చల్లబడి మబ్బవుతుంది. ఉదయమంతా నేల వేడెక్కి ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం రెండు మూడు గంటలకు ఆ మబ్బు ఒక్కసారిగా కురుస్తుంది. నర్సీపట్నంలో చొక్కా చెమటతో తడిస్తే, అదే గంటలో ఘాట్ మీద వానతో తడిసింది.

అందుకే కొండల్లో ప్రయాణం తెల్లవారగానే మొదలుపెట్టి మధ్యాహ్నం ఒంటిగంటకు ముగించేలా చూసుకోండి. అల్పపీడనం ఉన్న రోజు ఈ సూత్రం పనిచేయదు, ఆ వాన వేళాపాళా చూసుకోదు.

వాగు పొంగినప్పుడు ముందు వెళ్లిన జీపు దాటిపోయింది. మనమూ దాటవచ్చా?

దాటకూడదు. ఈ ఒక్క జవాబు కోసమే ఇదంతా రాస్తున్నాననుకున్నా తప్పులేదు.

రెండో రోజు ఉదయం మేము చూసింది సన్నని చప్టా. మామూలు రోజుల్లో దాని కింద చీలమండ లోతు నీళ్లుంటాయట. ఆ రోజు చప్టా మీద నుంచి ఎర్రటి నీరు సాగుతోంది. లోతు మోకాలి కిందికే ఉన్నట్టు కనిపించింది. మా ముందే జనాన్ని ఎక్కించుకున్న ఒక జీపు దాటింది. దాని చక్రాలు కొంచెం పక్కకు జరగడం మేమిద్దరం చూశాం. 'చూశావా, వెళ్లిపోయింది. మనం కూడా నెమ్మదిగా పోదాం' అన్నాడు మిత్రుడు.

జీపు బరువు వేరు, ఎత్తు వేరు, ఆ డ్రైవరుకు ఆ చప్టా ప్రతి గుంత తెలుసు. మాది చిన్న కారు. ప్రవహించే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషి కాళ్లు నిలవవు. 30 సెంటీమీటర్లుంటే చిన్న కారు తేలడం మొదలవుతుంది. 60 ఉంటే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. ఎర్రనీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైనుంచి ఎవరూ చెప్పలేరు.

అక్కడ గొడుగు వేసుకుని కూర్చున్న పెద్దాయన మాకో సంగతి చెప్పారు. 'నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి బాబూ. పైన ఇంకా పడుతోందన్నమాట' అన్నారు. ఆయన నీటి అంచున ఒక పుల్ల గుచ్చి పెట్టారు. అరగంటకొకసారి చూస్తే చాలు, వాగు పెరుగుతోందో తగ్గుతోందో ఆ పుల్లే చెబుతుంది. రెండున్నర గంటల తర్వాత ఆ పుల్ల జానెడు లోతు నీళ్లలో ఉంది. మేము కారు వెనక్కి తిప్పాం. ఉత్తరాంధ్ర వైపు ఇలాంటి వాగుల్ని గెడ్డ అంటారు. 'గెడ్డ దిగింది' అని ఊరివాళ్లు చెబితేనే దాటండి.

ఒకవేళ కారు నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. గాలి లోపలికి పోయే దారిలో నీరు చేరితే, తాళం తిప్పిన మరుక్షణం ఇంజిను లోపల ఇనుము వంగిపోతుంది. మామూలు బీమాలో చాలావరకు ఈ నష్టం రాదు. ఇంజిను రక్షణ అని విడిగా కట్టించుకున్నవాళ్లకే వస్తుంది. నీరు పెరుగుతుంటే సామాను గురించి ఆలోచించకుండా అద్దాలు దించి బయటికి రావాలి.

దీని మీద మీరిద్దరూ గొడవపడలేదా?

పడ్డాం. దాచడం ఎందుకు.

బయలుదేరే ముందు రాత్రి మా ఇంట్లో అన్నం తింటూ ఒక మాట అనుకున్నాం. దారిలో 'వెళదాం' అనడానికి ఇద్దరూ ఒప్పుకోవాలి, 'ఆగుదాం' అనడానికి ఒక్కడు చాలు. కారణం చెప్పనక్కరలేదు, వాదించకూడదు. ఎవరు కారు నడుపుతున్నా, ఎవరి కారైనా ఇదే నియమం.

వాగు దగ్గర నేను ఆగుదామన్నాను. మిత్రుడు మాట నిలబెట్టుకున్నాడు, వాదించలేదు. కాని ఏలేశ్వరం వరకు నోరు విప్పలేదు. అతని సెలవుల్లో ఒక రోజు పోయింది. హైదరాబాదు నుంచి రాత్రంతా బస్సులో వచ్చి, అడవి చూడాలనుకున్నవాడు తునిలో లాడ్జి గదిలో కూర్చున్నాడు. ఆ బాధ నాకు అర్థమైంది. నేనూ దాన్ని సర్దిచెప్పడానికి ప్రయత్నించలేదు. అన్నవరం దగ్గర టీ తాగడానికి ఆగినప్పుడు అతనే, 'జీపు జారడం నేనూ చూశానురా' అన్నాడు. అంతటితో అయిపోయింది.

లంబసింగిలో ఇది తిరగబడింది. నాలుగో రోజు తెల్లవారుజామున మూడున్నరకు లేచి, చీకట్లోనే వంజంగికి వెళ్లి సూర్యోదయం చూద్దామని నేను పట్టుబట్టాను. బయట పది అడుగుల దూరం కూడా కనపడని పొగమంచు. అతను ఆగుదామన్నాడు. నియమం పెట్టింది నేనే. అయినా పావుగంట వాదించాను. ఆ పావుగంటకు ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను. ఆ ఉదయం వంజంగిలో ఏమీ కనపడలేదని తర్వాత పాడేరులో చెప్పారు. కనపడి ఉంటే కూడా అతని మాటే సరైనది.

స్నేహితులతో వెళ్లేవాళ్లు గదులూ, పెట్రోలు ఖర్చులూ మాట్లాడుకుంటారు. ఆగాల్సి వస్తే ఎవరి మాట చెల్లుతుందో మాట్లాడుకోరు. వాన మొదలయ్యాక, ఆకలి మీద, అలసట మీద ఆ మాట తేలదు. బయలుదేరక ముందే తేల్చుకోండి.

ఘాట్ రోడ్డులో వానా మంచూ ఉంటే ఎలా నడపాలి?

ఎక్కిన గేరులోనే దిగండి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. రెండో గేరులో ఇంజినే కారును పట్టి ఉంచుతుంది. ఇరుకు మలుపుల్లో ఎక్కే వాహనానికి ముందు దారి ఇవ్వాలి. ఇది చట్టంలో ఉన్న నియమమే. ఎక్కే లారీ మధ్యలో ఆగితే తడి రోడ్డు మీద మళ్లీ కదలడం దానికి ఎంత కష్టమో ఒకసారి చూస్తే ఎవరూ మరిచిపోరు.

మంచులో దీపాలు కిందికి దించి పెట్టుకోండి. ఎత్తి పెడితే ఆ వెలుగు మంచు బిందువులకు తగిలి మీ కళ్లలోకే తిరిగొస్తుంది, ఎదుట తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు. నాలుగు వైపులా మిణుకుమిణుకుమనే ఇండికేటర్లు ఆగి ఉన్నప్పుడే వేయాలి. నడిచే కారుకు వేస్తే మీరు ఏ వైపు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. లోపల అద్దం మసకబారితే ఏసీ వేసి గాలిని ముందు అద్దం మీదికి మళ్లించండి.

కొండ పక్క నుంచి చిన్న చిన్న రాళ్లు దొర్లుతున్నా, రోడ్డు మీద తాజా మట్టి కనపడినా అక్కడ ఫొటోల కోసం ఆగవద్దు. పెద్ద చరియ పడేముందు చాలాసార్లు ముందుగా కనిపించేవి ఆ చిన్న రాళ్లే.

టైర్ల గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన. కొండల్లో వానకు అది సరిపోదని నా అభిప్రాయం. మేము బయలుదేరే ముందు వెనక టైర్లు రెండూ మార్పించాం. మొత్తం ప్రయాణంలో పెట్టిన ఖర్చుల్లో దీనికే నేను ఎక్కువ సంతోషించాను.

లంబసింగిలో చలి బాగా ఉందా?

లేదు. చలి కోసమే లంబసింగి వెళ్లేవాళ్లు ఇది తెలుసుకోవాలి. అక్కడ రాత్రి చలి పుట్టాలంటే ఆకాశం నిర్మలంగా ఉండాలి. పగలు నేల దాచుకున్న వేడి రాత్రి పైకి పోతుంది. మబ్బు ఉంటే అది దుప్పటిలా కప్పి ఆ వేడిని పోనివ్వదు. అల్పపీడనం ఉన్న రోజుల్లో లంబసింగి తడిగా, చల్లగా మాత్రమే ఉంటుంది. పళ్లు వణికే చలి డిసెంబరు, జనవరి నెలల్లో మబ్బులేని రాత్రుల్లోనే.

అయినా ఆ సాయంత్రం వృథా కాలేదు. రోడ్డు పక్క పాకలో ఒకామె కట్టెల పొయ్యి మీద మొక్కజొన్న కంకులు కాల్చి ఇచ్చింది. చింతపల్లి రాజ్మా గురించి, ఆ ఏడాది వానకు పంట ఎంత పాడైందో చెప్పింది. మా ప్లాన్ పాడైందని మేము అనుకుంటున్న వాన ఆమెకు సంవత్సరం తిండిగింజల లెక్క.

వంజంగిలో మేఘాల సముద్రం కనిపించిందా?

కనిపించింది. మా ఆరు రోజుల్లో నాకు అన్నిటికన్నా గుర్తుండే గంట అదే.

పాడేరు దగ్గరి ఆ కొండ మీద నుంచి కింద లోయలన్నీ తెల్లటి మబ్బుతో నిండి కనపడాలంటే మూడు కుదరాలి. గాలిలో తేమ, చల్లటి రాత్రి, గాలి కదలకపోవడం. నాలుగో రోజు సాయంత్రం వాన ఆగి, రాత్రి పదకొండుకు చుక్కలు కనపడ్డాయి. మేము ఉన్న ఇంటి యజమాని ఆకాశం చూసి, 'రేపు పొద్దున తప్పకుండా వెళ్లండి, మూడు రోజుల తడి ఉంది' అన్నారు. అంటే మమ్మల్ని మూడు రోజులు ఆపిన వానే అయిదో రోజు ఆ మబ్బుల్ని లోయలో నింపింది.

వానకు తడిసిన కాలిబాట జారుడుగా ఉంది. చేతికర్ర పట్టుకుని నెమ్మదిగా ఎక్కాం. పైకి చేరేసరికి తూర్పు ఎర్రబడుతోంది. కింద ఊళ్లు, పొలాలు, రోడ్లు ఏవీ లేవు. తెల్లటి మబ్బు, దానిలోంచి నల్లగా తేలిన కొండకొమ్ములు. నా మిత్రుడు ఫోను తీయలేదు. ఇరవై నిమిషాలు అలాగే నిలబడ్డాడు. ఫొటోలన్నీ నేను తీసినవే.

మీరు వెళ్లేటప్పుడు ఒక రాత్రి అదనంగా పాడేరులో ఉండేలా చూసుకోండి. వాన వెలిసిన మర్నాటి ఉదయాన్ని వంజంగికి అట్టిపెట్టుకోండి.

ముందే కట్టిన గది డబ్బులు తిరిగి వచ్చాయా?

ఒక చోట వచ్చాయి, ఒక చోట రాలేదు. రానిచోట 'గది ఉంది, రోడ్డు కూడా తెరిచే ఉంది, రాలేకపోవడం మీ ఇష్టం' అన్నారు. రోడ్డు మూసి ఉన్న విషయం మేము కళ్లతో చూసి వచ్చాం, అయినా వినలేదు. నాకు చాలా కోపం వచ్చింది.

డబ్బు కట్టేముందే అడగాల్సింది డబ్బు తిరిగి ఇస్తారా అని కాదు. 'తేదీ మార్చుకోవచ్చా?' అని అడగండి. చిన్న లాడ్జీల వాళ్లకు డబ్బు తిరిగి ఇవ్వడం కష్టం, తేదీ మార్చడం సులువు. ఒప్పుకుంటే ఆ మాట మెసేజ్‌లో రాయించుకోండి. మేము చేసిన అసలు తప్పు మూడు రాత్రులకూ ముందే గదులు తీసుకోవడం. పూసల దండలో ఒక పూస తెగితే మిగతావన్నీ జారినట్టు, ఒక రోజు ఆగేసరికి వెనకవన్నీ పోయాయి. మొదటి రాత్రికి ఒక్కదానికే గది తీసుకుని, మిగతావి ముందురోజు మధ్యాహ్నం ఫోనులో మాట్లాడుకుంటే సరిపోయేది. వారాంతాలు, సంక్రాంతి సెలవులు మాత్రం ఇందుకు మినహాయింపు.

వాన పడుతుంటే అరకులో ఏం చూడవచ్చు?

గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం నీడపట్టున ఉంటాయి. బొర్రా గుహలకు వెళ్లవచ్చు, వాన రోజుల్లో సున్నపురాతి కొసల నుంచి నీటి చుక్కలు రాలే చప్పుడు ఇంకా బాగా వినపడుతుంది. చాపరాయి మాత్రం వానలో వద్దు. మామూలు రోజుల్లో పిల్లలు కూర్చుని ఆడుకునే ఆ పల్లపు రాళ్ల మీద నీరు ఎంత వేగంగా పెరుగుతుందో కొత్తవాళ్లకు తెలియదు. కటికి జలపాతానికీ ఇదే మాట.

కారులో ఏమేం పెట్టుకోవాలి?

పెద్ద జాబితా అక్కరలేదు. మాకు నిజంగా అక్కరకొచ్చినవి: కాగితం మ్యాపు, చార్జ్ నిండిన పవర్ బ్యాంక్, టార్చిలైటు, పది మీటర్ల గట్టి తాడు, రెండు పూటలకు సరిపడే తిండి, అయిదు లీటర్ల నీళ్లు, చిల్లర నోట్లు, పొడి తువ్వాళ్లు నాలుగు. చెట్టు పడి ఆగిన మూడు గంటల్లో మా దగ్గరున్న అటుకులు, బెల్లం, వేరుశనగలు పక్క కార్లలోని పిల్లలకు కూడా పంచాం. పెట్రోలు సగానికి రాగానే నింపించండి. రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకుల్లో బంకులు ఉన్నాయి. వాటి మధ్యలో ఒకటి దొరుకుతుందని లెక్క వేసుకోకండి.

బైకు మీద వెళ్లవచ్చా?

పసుపు హెచ్చరిక వరకు, ఘాట్ బాగా అలవాటున్నవాళ్లయితే వెళ్లవచ్చు. నారింజ వస్తే వద్దు. పిడుగుల వేళ ఇనుప పైకప్పున్న కారు లోపల మనిషికి రక్షణ ఉంటుంది, బైకు మీద ఏమీ ఉండదు. చెట్టు కిందికి పోవడం మరీ ప్రమాదం.

సిగ్నల్ లేనప్పుడు ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పారు?

బయలుదేరే ప్రతిచోటా ఒక మెసేజ్ పెట్టేవాళ్లం. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిలో, ఎన్ని గంటలకు చేరాలి. 'సాయంత్రం ఆరుకు ఫోను రాకపోతే కంగారుపడవద్దు, తొమ్మిదికీ రాకపోతే లాడ్జికి ఫోను చేయండి' అని మా ఆవిడకు ముందే చెప్పాను. వాగు దగ్గర దారి మార్చినప్పుడు సిగ్నల్ లేదు. ఏలేశ్వరం రాగానే మొదట చేసిన పని ఇంటికి ఫోను.

గుర్తుంచుకోవాల్సిన నంబర్లు: ఏ అత్యవసరానికైనా 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారుల మీద ఇబ్బందికి 1033, విపత్తుల సమయంలో రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070.

ఘాట్ రోడ్డు మూసేస్తే రైలులో అరకు వెళ్లవచ్చు కదా?

విశాఖ నుంచి కిరండూల్ వైపు వెళ్లే రైలు అద్భుతమైన ప్రయాణం, అద్దాల బోగీ కూడా ఉంటుంది. కాని రోడ్డును కప్పేసిన వానే పట్టాల మీద కూడా చరియలు విరిచి పడేస్తుంది. రోడ్డు మూసిన రోజు రైలు నడుస్తోందో లేదో కనుక్కున్నాకే స్టేషనుకు వెళ్లండి.

గోదావరి వరదల రోజుల్లో పాపికొండలు, భద్రాచలం వైపు కలుపుకోవచ్చా?

జులై నుంచి సెప్టెంబరు వరకు ఆ ఆలోచన పెట్టుకోకండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. భద్రాచలంలో అవే 43, 48, 53 అడుగులు. 2022 జులైలో అక్కడ నీరు 71 అడుగులు దాటింది. నది ఎగువన మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో పడిన వాన మన దగ్గర ఎండ కాస్తున్న రోజున వస్తుంది. కాబట్టి ఆకాశం చూసి కాదు, ఆ అంకెలు చూసి నిర్ణయించుకోవాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగింది వరద నీటిలోనే. గోదావరి ఒడ్డున ఉండే నాకు ఆ రోజు మరపురాదు.

మొత్తం ఎంత ఖర్చయింది?

అనుకున్నదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. రెండు రాత్రుల గదులు, తిరుగుదారి పెట్రోలు అదనం. వానాకాలం చివర వెళితే చేతిలో ఆ మేరకు ఎక్కువ పెట్టుకోండి. అది లేకపోతే, డబ్బు పోతుందన్న దిగులే మిమ్మల్ని వాగులోకి దింపుతుంది.

చూడలేకపోయిన మారేడుమిల్లి సంగతి?

సంక్రాంతి దాటిన వారం వెళుతున్నాం. మిత్రుడు మూడు రోజులు సెలవు పెట్టాడు, మొదటి రాత్రికి మాత్రమే గది మాట్లాడాం. జలతరంగిణి, అమృతధార చూసి, వీలైతే చింతూరు వైపు ఘాట్ కూడా దిగుతాం. రాజవొమ్మంగి దారిలో ఆ చప్టా దాటి, పుల్ల గుచ్చిన పెద్దాయన కనిపిస్తారేమో చూడాలని అతను పదేపదే అంటున్నాడు. ఆయనకు ఇవ్వడానికి హైదరాబాదు నుంచి ఒక మంచి గొడుగు తెస్తానన్నాడు.